తొమ్మిది కార్ల సంగతి

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ వదినా పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ మాటలు ప్రతిసారీ చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఈసారి రాశాక ఒక్క నిమిషం ఆగి మళ్ళీ చదువుకున్నాను. ఒంట్లో మట్టుకు అందరం క్షేమమే, అందులో అబద్ధం లేదు.

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇంత ఆలస్యం నేనెప్పుడూ చెయ్యలేదు. కోపం వచ్చిందేమోనని వదినతో అన్నావట, నిన్న ఫోన్ చేసి చెప్పింది. కోపం కాదు అన్నయ్యా. ఎందుకో చివరికల్లా నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మణికట్టు నొప్పి తగ్గింది. పెద్ద పానా పట్టుకునే పనులు ఎడమ చేత్తో చేయడం అలవాటు చేసుకున్నాను. మా ఆయన నడిపే బడి బస్సుకి దారి మార్చారు, ఇప్పుడు చిన్న పిల్లల్ని ఎక్కించుకోవాలి. "వీళ్ళ అరుపులకి నాకు ఇంజను చప్పుడు కూడా వినపడట్లేదు, మీ అన్నయ్య పాత చెవి ఖాళీగా ఉంటే నాకు పంపమను" అంటున్నారు. అమ్మాయి పరీక్షలు అయిపోయాయి. సెలవుల్లో షెడ్డుకి వచ్చి పని నేర్చుకోమంటే, "మీ కార్ల వయసే మీ దగ్గరికొచ్చే వాళ్ళకీ ఉంది. పదేళ్ళు పోతే ఎవరొస్తారమ్మా?" అంటుంది. నేను ప్లగ్గులు తుడుచుకుంటూ కూర్చున్నాను.

చెవి ఆపరేషన్ తర్వాత ఫోనులో మాట తేటగా వినపడుతోంది, ఇంకా ఈ ఉత్తరాలెందుకు అని అడిగావు. నీ గొంతు వింటే ఇప్పుడు చెప్పబోయేది చెప్పలేను. అందుకే ఈ ఒక్కసారికి కాగితం.

ఇక నీ ఆఖరి పేరా. పాత స్పోర్ట్స్ కార్ల ధరలు పడిపోతున్నాయని పేపర్లో చదివావట. "మన తూనీగని సరైన సమయంలో అమ్మేశావు. నాన్నకి కార్లు తెలుసు గానీ వ్యాపారం తెలియదు, నీకు రెండూ తెలుసు" అని రాశావు. అది చదివి ఉత్తరం మడిచి పనిముట్ల సొరుగులో పెట్టేశాను. సొరుగు తీసినప్పుడల్లా కనపడేది. మూడో రోజుకి సొరుగు తెరవడం మానేసి, పక్కింటి షెడ్డు నుంచి స్క్రూడ్రైవర్ అరువు తెచ్చుకున్నాను.

పేపరు వాళ్ళు రాసింది నిజమే గానీ ఎందుకు పడిపోయాయో సరిగ్గా రాయలేదు. మన తూనీగ మోడలు కార్లు నడిచే స్థితిలో ఉన్నవి మనకి తెలిసి ముప్పయికి లోపే. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏడాదికి ఒకటో రెండో అమ్మకానికి వచ్చేవి, వచ్చిన ప్రతిదానికీ నలుగురు ఎగబడేవాళ్ళు. ఆ నలుగురూ ఒక ఈడు వాళ్ళే. చిన్నప్పుడు ఆ కారు బొమ్మని గోడకి అంటించుకుని, సంపాదన వచ్చాక అసలుదాన్ని కొనుక్కున్నవాళ్ళు. వాళ్ళకిప్పుడు డెబ్భై, ఎనభై. ఆ సీట్లోకి దిగలేరు, దిగితే ఇంకొకరు చెయ్యిచ్చి లేపాలి. ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్ళ పిల్లలకి అది చోటు తినే వస్తువు. అమ్మేవాళ్ళు గుంపుగా వస్తున్నారు, కొనేవాళ్ళు పలచబడ్డారు. ఇది ఒక్క రోజులో జరగలేదు. కానీ మన మోడలుకి మాత్రం దాదాపు ఒక్క రోజులోనే జరిగింది. ఆ రోజు వస్తుందని నాకు నాలుగు నెలల ముందే తెలుసు.

పళ్ళ డాక్టరు నీకు గుర్తుండే ఉంటాడు. నాన్న దగ్గరికి వచ్చి గంటలు గంటలు కూర్చునేవాడు, దవడ పట్టుకుని మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడేవాడు. ఆయన పోయిన నెలకి ఆయన కూతురు నన్ను పిలిపించింది. ఊరి చివర గోదాము తాళం తీసింది. లోపల తెల్ల దుప్పట్లు కప్పి, రెండు వరసలుగా, అన్నీ తూనీగ మోడలే. తొమ్మిది. ఆయన దగ్గర రెండో మూడో ఉన్నాయనుకున్నాం గానీ ఉన్నవాటిలో మూడోవంతు ఒకే కప్పు కింద ఉన్నాయని ఎవరికీ తెలియదు.

"మా నాన్నకి కొనడం ఒక్కటే తెలుసండీ" అంది ఆవిడ. "నేను దీని గేరు కూడా వెయ్యలేను. అన్నీ వేలానికి ఇచ్చేస్తున్నా. నాలుగు నెల్లు పడుతుందన్నారు. ఈలోగా ఏది ఎలా ఉందో మీరు చూసి రాసిపెట్టాలి."

"తొమ్మిదీ ఒకేసారా?"

"ఒక్కొక్కటీ అమ్ముకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. వేలం వాళ్ళు ప్రకటించేదాకా ఇది బయటికి పొక్కకూడదట. మీరూ ఎవరికీ చెప్పకండి."

చెప్పనని మాటిచ్చాను. ఆ రోజూ మర్నాడూ గోదాములోనే ఉండి తొమ్మిదింటికీ ఛాసీ నంబర్లూ, తుప్పూ, ఇంజను ఒత్తిడీ అన్నీ రాశాను. ఇంటికొచ్చి షెడ్డులో తూనీగని చూస్తే అది అప్పుడే సగం ధరకి పడిపోయినట్టు కనిపించింది. నాన్న పదకొండేళ్ళు కూర్చుని బాగుచేసిన బండి. అయినా నాకు ఆ క్షణంలో నాన్న గుర్తుకు రాలేదన్నయ్యా. అంకె గుర్తొచ్చింది.

గడియారాలాయన గురించి నీకు రాశాను, మనిషిని నువ్వు చూడలేదు. బజారు మలుపులో నలభై ఏళ్ళు వాచీలు బాగుచేశాడు. సన్నగా, మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. రెండేళ్ళ పాటు శనివారం శనివారం షెడ్డుకి వచ్చి తూనీగ చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. తలుపు ముట్టుకునే ముందు చేతులు తుడుచుకునేవాడు, నన్ను అడిగేవాడు. నేను ఇంజను స్టార్ట్ చేస్తే కళ్ళు మూసుకుని వినేవాడు. "ఆరు సిలిండర్లూ ఒకే మాట మీదున్నాయమ్మా" అనేవాడు. కొట్టు అమ్మేసి ఆ డబ్బు ఏం చెయ్యాలో తెలియక ఉన్నాడు. షేర్లంటే భయం. కారు అమ్ముతావా అని అంతకుముందు రెండుసార్లు అడిగితే, మా అన్నయ్యది కూడా వాటా ఉంది, ఇప్పుడప్పుడే అమ్మం అన్నాను.

గోదాము చూసొచ్చిన మూడు వారాలకి, నేనే ఆయనకి కబురు పెట్టాను.

వాళ్ళావిడని వెంటబెట్టుకుని పరిగెత్తినట్టే వచ్చాడు. అడిగిన ధరకి బేరం కూడా ఆడలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఇదంతా మా ఆవిడా నేనూ వెనకేసుకున్నదమ్మా. మాకింకేం లేదు. రేపు అవసరమొస్తే అమ్ముకోవచ్చు కదా? ధర పడిపోదు కదా?"

"ఇలాంటివి ఎన్నున్నాయండీ, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అన్నాను.

మాట నిజమే. చెప్పింది మాత్రం అబద్ధం. "నాలుగు నెలలు ఆగండి" అంటే చాలు, ఆయన సగం డబ్బుకి అదే కారు కొనుక్కునేవాడు, మిగతా సగం ఇంట్లో ఉండేది. డాక్టరు కూతురికి మాటిచ్చాను కనుక చెప్పలేకపోయానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పనని ఆవిడకి మాటిచ్చాను గానీ, ఆయనకి అమ్ముతానని ఎవరికీ మాటివ్వలేదు కదా. ఊరుకుంటే సరిపోయేది.

నీతోనూ అప్పుడు అబద్ధమే ఆడాను. ఇంత తొందరేమిటి అని నువ్వు రాస్తే, మంచి ధర వచ్చింది, షెడ్డు కప్పు కారుతోంది అని రాశాను. కప్పు కారుతున్న మాట నిజం.

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆ రెంటిలోనూ, నీ చెవి ఆపరేషన్ కోసమే చేశానని రాశాను. రాస్తుంటే నాకే నమ్మబుద్ధయింది. తర్వాత నీ పాత ఉత్తరాలు తీసి చూశాను. డాక్టర్లు ఆపరేషన్ చేస్తామన్నారని నువ్వు రాసింది, కారు అమ్మి పది రోజులయ్యాక. కాబట్టి అది నీ కోసం కాదు. భయపడి చేశాను, ఆశపడి చేశాను, అంతే.

వేలం పగటిపూట పెద్ద హాల్లో జరిగింది. కార్ల పక్కన నిలబడి అడిగినవాళ్ళకి జవాబులు చెప్పమని నన్ను పెట్టారు, చొక్కాకి బిళ్ళ కూడా తగిలించారు. మూడో వరసలో గడియారాలాయన కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడా వచ్చింది. తన కారు తోబుట్టువుల్ని చూడ్డానికి వచ్చాడట, పెళ్ళికొచ్చినవాడిలా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఒళ్ళో వేలం వాళ్ళు అచ్చేసిన పుస్తకం, చేతిలో పెన్సిలు.

మొదటి కారు దాదాపు మన ధరకే పోయింది. రెండోది కొంచెం తగ్గింది. కొనాలనుకున్న ఇద్దరు ముగ్గురూ ఆ రెంటితో తృప్తి పడ్డారు. మూడోదాన్ని చాలాసేపు బతిమాలితే ఎవరో పాడారు. నాలుగోది మన ధరలో సగానికి చేరింది. ఆరోదానికి చెయ్యే లేవలేదు. పాట పాడించే ఆయన "ఒకటోసారి" అని నీళ్ళు తాగాడు, "రెండోసారి" అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివరికి విడిభాగాలు అమ్ముకునే వర్తకుడొకడు కొన్నాడు. ఆ వెంటనే ఓ పాతికేళ్ళ కిందటి కారు తెచ్చారు. పలకలు పలకలుగా, వెనక రెక్క పెట్టి ఉంది. నాన్న చూస్తే రొట్టెల పెట్టె అనేవాడు. పది చేతులు లేచాయి. నా వెనక నిలబడ్డ నలభై ఏళ్ళాయన పక్కవాడితో అంటున్నాడు, "ఇందాకటివి మా తాతల కార్లురా. ఇది మనది, బడికెళ్ళేప్పుడు దీని కోసమే కదా కిటికీలోంచి చూసేవాళ్ళం" అని.

గడియారాలాయన ఒక్కొక్క ధరా పుస్తకంలో పక్కన రాసుకుంటున్నాడు. నాలుగోదాని తర్వాత పెన్సిలు జేబులో పెట్టేశాడు. వాళ్ళావిడ ఆయన వైపు చూస్తోంది, ఆయన ముందుకే చూస్తున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కారు పక్కన నిలబడ్డాను. అయిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"ఆ ఆరోదాని తలుపు చప్పుడు మనదానిలా లేదమ్మా, డొల్లగా ఉంది" అన్నాడు. అంత మాత్రమే అని వెళ్ళిపోయాడు.

ఆ నెలలోనే ఇంకో ఐదుగురు కంగారుపడి తమవీ అమ్మకానికి పెట్టారు. దాంతో మిగిలింది కూడా పోయింది.

తర్వాత ఏడు నెలలు ఆయన నెలకోసారి కారు తెచ్చేవాడు. నేను కార్బురేటర్లు చూసి, ఆయిలు మార్చి పంపేదాన్ని. వానల గురించీ ఆయన మోకాళ్ళ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ధర మాట ఆయన ఎత్తలేదు. ఆయనకి తెలియదనే అనుకున్నాను. తెలియదనుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో నీకేం చెప్పను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజు ఆయన వచ్చే రోజు. బానెట్ ఎత్తి నిలబడ్డాను గానీ స్క్రూ కనపడలేదు, కళ్ళు మసకబారాయి. "మీకో సంగతి చెప్పాలి" అన్నాను. "మీకు కారు అమ్మేనాటికి ఆ తొమ్మిది వస్తున్నాయని నాకు తెలుసు."

ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"వేలం రోజు నుంచే. ఆ పుస్తకంలో ప్రతి కారు కిందా నువ్వు చూసిన తేదీ వేశారు. మన రాతకోతలకి సరిగ్గా మూడు వారాల ముందు. తేదీలు చూడ్డమే కదా నా బతుకంతా."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెబుతావేమోనని చూశాను. మొదటి నెల చెబుతావనుకున్నా. రెండో నెలా అనుకున్నా. తర్వాత ఊరికే వస్తున్నా."

నేను ఏమన్నానో గుర్తులేదు, క్షమించమనే అడిగి ఉంటాను. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. "నా సంగతి వదిలెయ్. కారు నాకిష్టం, ధర తగ్గినా అది అదే కారు. కానీ ఆ డబ్బు నా ఒక్కడిదీ కాదు. మా ఆవిడ వస్తుంది, దాంతో మాట్లాడు" అన్నాడు.

మర్నాడు ఆవిడ ఒక్కతే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆయన మిమ్మల్ని ఏమీ అనొద్దన్నాడు. నేను అనడానికి రాలేదు. ధర పడిపోదు కదా అంటే, మీ నోటితో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చన్నారు, నేనూ విన్నాను. ఎంత పడిందో అంతా ఇవ్వండి. కారు ఆయన దగ్గరే ఉండనివ్వండి, అది లాక్కుంటే మనిషి ఆగడు."

ఎంత పడిందో లెక్క వేస్తే, అమ్మినప్పుడు నా వాటాకొచ్చిన దానికంటే కాస్త ఎక్కువే. అందులో కొంత షెడ్డు కప్పుకి పోయింది. ఆ సాయంత్రం మా ఆయనకి అంతా చెప్పాను. విని బస్సు తాళాలు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "ముందే నాకు చెప్పి ఉంటే అమ్మొద్దనేవాణ్ణి. అందుకే చెప్పలేదు కదూ?" అన్నారు. అవునన్నాను. "సరే, ఇచ్చెయ్" అన్నారు. అందుకే చెప్పలేదు కదూ అన్న మాట నొప్పి మాత్రం నాకింకా తగ్గలేదు.

తక్కువ పడిన దానికి నాన్న లేత్ మిషన్ అమ్మాను. నిన్ను అడగకుండా అమ్మడం ఇది రెండోసారి. అడిగితే నీ వాటాలోంచి పంపుతానంటావని తెలుసు. పంపొద్దన్నయ్యా, నీ చెవికి పెట్టిన డబ్బుకీ ఈ పాపానికీ ముడిపెట్టుకోకు. అమ్మకం మనిద్దరిదీ, అబద్ధం నా ఒక్కదానిది. గడియారాలాయన భార్య డబ్బు తీసుకుని కాగితం మీద సంతకం పెట్టింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఇది మీరు ఇచ్చారు గనక ఊళ్ళో ఎవరికీ చెప్పను" అంది. ఎవరికైనా చెప్పినా నేను తప్పు పట్టలేను.

అక్కడితో నా గుండె తేలికవుతుందనుకున్నాను. కాలేదు. మరుసటి నెల గడియారాలాయన కారు తేలేదు. గుడ్లగూబలా వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. అటువైపు వీధిలో వేరే మెకానిక్కుకి చూపిస్తున్నాడని తెలిసింది. ఆ మెకానిక్కు మంచివాడే గానీ, చేతికి ఎప్పుడూ ఇలాంటి జంట కార్బురేటర్లు తగల్లేదు.

మొన్న బుధవారం మధ్యాహ్నం మన మలుపులోనే తూనీగ ఆగిపోయింది. శబ్దం విని బయటికొస్తే, ఆయన స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పుతున్నాడు, వెనక లారీ హారన్ కొడుతోంది. స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళాను. ఆయన నన్ను చూశాడు. ఏమీ అనకుండా లోపల మీట లాగి బానెట్ వదిలాడు. వెనక కార్బురేటర్ సర్దుబాటు పూర్తిగా తప్పింది. ముప్పావు తిప్పు తిప్పి, ముందుదానితో కలిపి, స్టార్ట్ చెయ్యమన్నాను. ఆయన తల కొంచెం వంచి విన్నాడు. నేనూ విన్నాను. ఆరూ కలిశాయి.

"సరిపోయింది" అన్నాడు. జేబులోంచి పర్సు తీశాడు. "ఎంత?"

ఆ కారు ఆయనకిచ్చిన దగ్గర్నుంచి నేను పని డబ్బు ఏనాడూ తీసుకోలేదు, ఆయన ఏనాడూ అడగలేదు. వద్దండీ అన్నాను. ఆయన పర్సు తెరిచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వెనక లారీవాడు మళ్ళీ హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. నా మీద కోపంగా చూడలేదు, నవ్వనూ లేదు, కొత్త షెడ్డుకి మొదటిసారి వచ్చిన మనిషి ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు. చివరికి నేను ఒక అంకె చెప్పాను, అందరి దగ్గరా తీసుకునేదే. ఆయన లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, "వస్తానండీ" అని కారెక్కాడు.

అమ్మా అని పిలిచే మనిషి, అన్నయ్యా.

ఆ నోట్లు ఖర్చుపెట్టడానికి ముందు చేతులు రాలేదు. గల్లాలో వేశాను, మర్నాడు కూరలవాడికి అవే ఇచ్చాను. ఇలాగే బతకాలి కాబోలు. నువ్వు ఏం రాసినా రాయి గానీ, నాకు వ్యాపారం తెలుసని మాత్రం మళ్ళీ రాయకు.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించినా ఫరవాలేదు.

ఇట్లు,
తప్పు ఒప్పుకున్న
నీ చెల్లెలు